‘ఆటో’ అన్న మాటను నమ్మినందుకు: ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో మూడేళ్ల డీఇంటర్‌లేసింగ్

బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరికిన పాత వీసీఆర్‌తో మూడేళ్లుగా మా ఇంటి వీహెచ్ఎస్ క్యాసెట్లను మారతహళ్లి ఫ్లాట్లో కూర్చుని కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. అలా ఎక్కించిన వీడియోలో కదిలే వాటి అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయని ఈ పనిలో దిగినవారందరికీ తెలుసు. వాటిని సరిచేయడాన్నే డీఇంటర్‌లేసింగ్ అంటారు. నా కోపమంతా ఆ పనికి వీడియో సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో ఉన్న ఫిల్టర్లలోని ఒకే ఒక్క ఆప్షన్ మీద: దాని పేరు పారిటీ (ఫ్రేములోని రెండు భాగాల్లో ఏది ముందో చెప్పేది), డిఫాల్ట్‌గా ఉండేది ఆటో.

మొదటి రెండేళ్లు యాడిఫ్ అనే ఫిల్టర్ వాడాను. ఏ ఇబ్బందీ రాకపోవడంతో అడిగినవారికల్లా దాన్నే సిఫారసు చేశాను. నిరుడు బిడబ్ల్యుడిఫ్ అనే మరో ఫిల్టర్‌కు మారి, పిన్ని పెళ్లి క్యాసెట్ సిద్ధం చేసి అమ్మకు చూపించాను. పందిరి, బంధువులు, పీటల మీద కూర్చున్న పెద్దలు అన్నీ చక్కగా ఉన్నాయి. తలంబ్రాల దగ్గరకు వచ్చేసరికి బాబాయి చేతులు ముందుకూ వెనక్కూ ఊగుతూ వణికిపోయాయి. “మీ బాబాయి ఆ రోజు ఇంతలా వణకలేదురా” అంది అమ్మ.

ఆపి చూస్తే ఏ బొమ్మకా బొమ్మ శుభ్రంగానే ఉంది. అందుకే వారం రోజులు వీసీఆర్ హెడ్లు తుడిచాను, కొత్త కేబుల్ కొన్నాను, చివరకు బిడబ్ల్యుడిఫ్‌నే తిట్టుకున్నాను.

మన దేశపు పాత టీవీ పద్ధతి పాల్ వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 50 ఫీల్డులు. ఫ్రేములోని అడ్డగీతల్లో ఒకటి విడిచి ఒకటి కలిస్తే ఒక ఫీల్డు, మిగిలినవి మరొకటి; మొదటి గీత ఉన్నది పై ఫీల్డు, రెండోది కింది ఫీల్డు. ఫ్రేములోని రెండు ఫీల్డుల్లో ఏది ముందుదో తారుమారైతే కదలిక ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆటో అంటే బొమ్మలను పోల్చి క్రమం కనిపెడుతుందనుకున్నాను. అది ఫైలులో ఉన్న గుర్తును చదువుతుంది, అంతే. గుర్తు లేకపోతే పై ఫీల్డే ముందని అనుకుంటుంది. నా క్యాప్చర్ పరికరం కింది ఫీల్డు ముందని తప్పు గుర్తు వేసింది. యాడిఫ్ డిఫాల్ట్‌గా ఫ్రేముకు ఒక్క బొమ్మే ఇస్తుంది కనుక ఆ తప్పు దాగింది. బిడబ్ల్యుడిఫ్ డిఫాల్ట్‌గా ఫీల్డుకొకటి చొప్పున సెకనుకు 50 ఇస్తుంది కనుక బయటపడింది. యాడిఫ్‌కు నేనిచ్చిన కితాబులో కొంత దానిది కాదన్నమాట.

నన్ను ఒడ్డున పడేసింది ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లోనే ఉన్న ఐడెట్ అనే ఫిల్టర్. బొమ్మలనే పరిశీలించి పై ఫీల్డు ముందున్నవెన్ని, కింది ఫీల్డు ముందున్నవెన్ని అని లెక్క చెబుతుంది. అయితే మొదట టైటిళ్లు, నిశ్చల చిత్రాలు ఉన్న భాగం ఇచ్చి భంగపడ్డాను. కదలిక లేనిచోట దానికీ ఏమీ తేలదు. తలంబ్రాల నిమిషం ఇస్తే పై ఫీల్డే ముందని తేల్చింది. పారిటీకి ఆ విలువ నేరుగా ఇచ్చేసరికి వణుకు ఆగడమే కాక, బియ్యం గింజలు రాలడం కూడా పాత టీవీలో చూసినంత నునుపుగా కనిపించింది.

నాకు తెలిసినవి ఇంట్లోని పాల్ క్యాసెట్లూ, ఈ ఒక్క పరికరమూ. డీవీ (డిజిటల్ టేపు) కెమెరా ఫైళ్లలో కింది ఫీల్డే ముందుంటుంది కనుక నా విలువను అక్కడ వాడకూడదు. ఓపిక ఉండి, ప్రతి క్యాసెట్‌కూ ఐడెట్ నడపగలిగినవారికి బిడబ్ల్యుడిఫ్‌నే చెబుతాను. నాలుగైదు క్యాసెట్లు మాత్రమే ఉన్నవారికి యాడిఫ్ సరిపోవచ్చు. నాకు మాత్రం, చోటు చాలక మూల ఫైళ్లను చెరిపేసిన మొదటి రెండేళ్ల క్యాసెట్లను అటక మీద నుంచి మళ్లీ దించవలసి వస్తోంది.