ఐదేళ్ల గాలిమర: స్టిక్కరు మీద వాట్లు, మీటరులో యూనిట్లు

మా డాబా మీది గాలిమరకి ‘600 వాట్లు’ అని స్టిక్కరు అంటించినవాణ్ణి ఒక్క నవంబరు మధ్యాహ్నం దాని కింద కూర్చోబెట్టాలని నా కోరిక. ఐదేళ్లయినా ఆ కోపం చల్లారలేదు.

మాది కళింగపట్నం దగ్గర. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి సోంపేట వైపు మా అత్తారింట్లో రోజుల తరబడి కరెంటు లేకపోవడం చూసి, మరుసటి ఏడు రెండు మరలు తెచ్చాను. డాబా మీద డ్రమ్ములా నిలువుగా తిరిగే ఈ 600 వాట్లది, పెరట్లో ముప్ఫై అడుగుల పైపు మీద మూడు రెక్కల కిలోవాటుది. దేని మీటరు దానికే. రోజూ రీడింగు పాలలెక్క పుస్తకంలో రాసేవాణ్ణి.

బాగా గాలి వీచే జూన్ నెలంతా కలిపి చిన్నది ఇచ్చింది మూడు యూనిట్లు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే ‘గాలి చాల్లేదు సార్’ అన్నాడు. సరే, కాగితం తీశాను. మర అర మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. సెకనుకి 12 మీటర్ల గాలి అందులోంచి దూసుకుపోయినా, ఆ గాలిలో ఉన్న శక్తే 520 వాట్లకి మించదు. ఎంత గొప్ప మరయినా అందులో 59 శాతానికి మించి లాగలేదని బెట్జ్ అనే జర్మన్ ఆయన వందేళ్ల కిందటే తేల్చాడు. మరి 600 ఎక్కణ్ణుంచి వస్తాయి? లీటరు పాలల్లో లీటరున్నర మీగడ తీస్తానన్నట్టుంది.

పెద్దదాని రెక్కలు ఈ చివర్నుంచి ఆ చివరికి రెండు మీటర్లు. జూన్‌లో 42 యూనిట్లు, నవంబరులో 9. గాలి వేగం సగమైతే కరెంటు ఎనిమిదో వంతుకి పడిపోతుంది మరి. దాని స్టిక్కరు అబద్ధం కాదు. కాకపోతే ఆ కిలోవాటు రావాలంటే గంటకి 43 కిలోమీటర్ల గాలి ఉండాలి. మా పెరట్లో అంత గాలి ఆగకుండా వీచిందంటే తుఫాను వచ్చినట్టే.

వచ్చింది కూడా. 2021 సెప్టెంబరు 26, ఆదివారం, గులాబ్. గంటకి 75–85 కిలోమీటర్ల గాలి అన్నారు. చీకటి పడుతుండగా బ్రేకు స్విచ్చి వేశాను. అది మర నుంచి దిగే మూడు తీగల్నీ ఒకదానితో ఒకటి కలిపేస్తుంది, దాంతో మర బిగుసుకుపోవాలి. ఆ రాత్రి నెమ్మదించినట్టే నెమ్మదించి, మళ్లీ అందుకుంది. కాసేపటికి పెరట్లోంచి ఒకటే ఊళ. టార్చి వేస్తే రెక్కలు లేవు, తెల్లటి పళ్లెం ఒకటి తిరుగుతోంది. మా ఆవిడ పిల్లల్ని పెరటి గదిలోంచి వీధి గదికి మార్చేసింది.

తెల్లారి పక్కింటి తాత, “ఏటి బాబూ, రాత్రి మీ పంకా ఇమానంలాగ అరిసీసింది!” అన్నాడు. పైపు దించి చూస్తే, మర ఎటు తిరిగినా కరెంటుని కింది తీగల్లోకి దింపడానికి తల కింద ఉండే మూడు రాగి రింగుల్లో ఒకదానికి ఆకుపచ్చగా కిలుం పట్టి, దాన్ని రాసుకుంటూ కరెంటు అందుకునే బ్రష్షు ఆనడం లేదు. ఉప్పుగాలి పని. మూడు తీగల బ్రేకు రెండింటితోనే నడుస్తోంది, మామూలు గాలికి అవి సరిపోయాయి కాబట్టి నాకు తెలీలేదు. ఆగస్టు నుంచే రీడింగు తగ్గుతోందని పాల పుస్తకం చెబుతూనే ఉంది, పక్కవాళ్ల కొబ్బరిచెట్లు ఎదిగి అడ్డొస్తున్నాయని సరిపెట్టుకున్నాను. ఒక రెక్క అంచు జానెడు చీలింది. స్టిక్కరు అడిగినంత గాలి వచ్చిన ఆ ఒక్క రాత్రీ మీటరు కదల్లేదు. బ్రేకు వేసిన మర కరెంటివ్వదు కదా.

అంతకుముందు దీన్ని కొనుక్కోమని నేనే ఇద్దరికి చెప్పాను. ఇప్పుడయితే అంత గట్టిగా చెప్పను. ఏటా రెండుసార్లు రింగులు తోమాలి, తుఫాను కబురొస్తే పైపే దించెయ్యాలి. దానికి నలుగురు మనుషులు కావాలి, నాకు బావమరుదులున్నారు. పడమర వైపు అడ్డులేని పొలాలున్నాయి. శ్రీకాకుళం టౌనులో మేడ మీద పెట్టేవాళ్లకి నా లెక్కలు పనికిరావు. ఎండ కాస్తే కిలోవాటు సోలారు పలకలు రోజుకి నాలుగు యూనిట్లు చడీచప్పుడు లేకుండా ఇస్తాయి. జులై ముసుర్లో అవి డీలా పడ్డప్పుడు మాత్రం, రాత్రంతా రెండు ఫ్యాన్లు తిప్పింది ఈ పెద్దదే.

చిన్నది ఇంకా డాబా మీదే ఉంది. అది తిరిగినంతసేపూ కాకులు వాలవని మా ఆవిడ దాని పక్కనే వడియాలు పెడుతోంది.