రష్యా బడిలో ఆర్థడాక్స్ సంస్కృతా, లౌకిక నీతా?

రష్యాలో 2012 నుంచి నాలుగో తరగతి పిల్లల తల్లిదండ్రులు మత సంస్కృతులు, నీతికి సంబంధించిన ఆరు పాఠ్యాంశాల్లో ఒకటి ఎంచుకోవాలి. ఎక్కువమంది ఊగిసలాడేది ఆర్థడాక్స్ (రష్యాలో ప్రధాన క్రైస్తవ శాఖ) సంస్కృతి, లౌకిక నీతి మధ్యే.

ఖర్చు, శ్రమ: తేడా లేదు. వారానికి ఒక పీరియడ్, మార్కులుండవు.

ఆర్థడాక్స్ సంస్కృతి: ఐకాన్లు (పూజించే పవిత్ర చిత్రాలు), పండుగలు, చర్చి కట్టడాలు అర్థమవుతాయి. రష్యా చరిత్ర, సాహిత్యం చదివేటప్పుడు ఇది నిజంగా పనికొస్తుంది. రిస్కూ ఉంది. రాజ్యాంగం 14వ అధికరణ ప్రకారం రష్యా లౌకిక దేశమే. కానీ రష్యా ఆర్థడాక్స్ చర్చి అధిపతి పేట్రియార్క్ కిరిల్ యుక్రెయిన్ యుద్ధాన్ని సమర్థించిన తీరు చూశాక, పాఠం ఎక్కడ ప్రచారంగా మారుతుందోనని నాకు భయమే.

లౌకిక నీతి: కాస్త పొడిపొడిగా ఉంటుంది. అన్ని మతాల పిల్లలూ కలిసి కూర్చోవచ్చు.

ఇంట్లో చర్చికి వెళ్లే అలవాటుంటే మొదటిది సరిపోతుంది. తల్లిదండ్రులవి వేర్వేరు మతాలైనా, ఏ నమ్మకమూ లేకపోయినా రెండోదే మేలు. "అందరూ ఇదే తీసుకుంటున్నారు" అని బడివాళ్లు చెప్పినా, రాతపూర్వకంగా ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదే.