బిరుసు తెలిసిన గంజి కొట్టు

అమలాపురం గడియార స్తంభం సెంటరుకు కాస్త లోపలి సందులో గంజి పెట్టి ఇస్త్రీ చేసే చిన్న కొట్టు ఒకటి ఉంది. బోర్డు లేదు. ఏడాదిన్నరగా మా ఇంటి నేత చీరలు, నాన్నగారి పంచెలు అక్కడికే వెళ్తున్నాయి. మొదటిసారి చీర ఇచ్చినప్పుడు కొట్టు నడిపే ఆవిడ దాని అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "కుచ్చిళ్లు నిలబడితే చాలాండీ, పైట కూడా బిరుసుగానే ఉండాలాండీ?" అని అడిగారు. ఇన్నేళ్లలో ఏ ఇస్త్రీ కొట్టులోనూ నన్నెవరూ ఆ మాట అడగలేదు.

బిరుసు అన్న మాట మన ఇళ్లలో ఎక్కువగా తప్పు పట్టడానికే వినిపిస్తుంది. నూనె రాయకపోతే జుట్టు బిరుసెక్కిందంటాం, నీళ్లు చాలక పలుకైన అన్నాన్ని బిరుసుగా ఉందంటాం, ఎదుటివారు నొచ్చుకునేలా మాట్లాడినవాణ్ణి బిరుసు మనిషి అంటాం. గంజి పెట్టిన బట్ట దగ్గర మాత్రం అదే మాట మెప్పవుతుంది. అయితే బిరుసు వేరు, పెళుసు వేరు. బిరుసైనది వంచితే ఎదురు తిరిగి మళ్లీ నిలబడుతుంది, పెళుసైనది వంచిన చోట విరుగుతుంది. ఆ తేడా తెలియని మరో ఊరి లాండ్రీలో నా బండారులంక చీర ఒకటి పాడైపోయింది. పొడి గంజి చిక్కగా పట్టించి అట్టలా చేసి ఇచ్చారు. మూడు నెలల తరువాత బీరువాలోంచి తీసి విప్పేసరికి మడత వెంబడి జానెడు మేర నూలు చిట్లి ఉంది. అది అమ్మ పెట్టిన చీర.

ఇక్కడ పొడులు వాడరు. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ బియ్యం గంజినే పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి, ఒక్కొక్క బట్టకు తగినట్టు నీళ్లు కలుపుతారు. ఉడుకులో ఉబ్బి జిగురైన బియ్యపు పిండి నూలు పోగుల మధ్య సన్నని పొరగా ఆరడం వల్లనే బట్టకు బిరుసు వస్తుంది కాబట్టి, ఆ పొర మందాన్ని అదుపులో పెట్టడంలోనే ఈ పని నేర్పు అంతా ఉంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీలో నా నూలు చీర ఒకటి ఇస్తే, బుటాల దగ్గర గంజి గడ్డకట్టకూడదని చెప్పి, ఒక గిన్నె గంజికి ఆరు గిన్నెల నీళ్లు నా ఎదుటే కొలిచి పోశారు. నీడన ఆరేసి, నీళ్లు చిలకరించి, గుడ్డలో చుట్టి గంటసేపు ఉంచిన తరువాతే ఇస్త్రీ పెట్టె తగిలించారు. ఆ చీర కుచ్చిళ్లు పోసుకుంటుంటే పెళపెళమని సన్నగా చప్పుడైంది. భుజం మీద పైట మాత్రం ఒరుసుకోలేదు.

కొత్త నేత చీర బిరుసు రెండు మూడు ఉతుకులకే పోయిందని నేసినవారిని నిందించేవారికి ఒక మాట చెప్పాలి. మగ్గం మీద రాపిడికి తెగకుండా పడుగు పోగులకు పట్టించే గంజి అది, ఉతికితే పోవడమే దాని లక్షణం. తరువాతి బిరుసు మనం పెట్టించుకోవలసిందే.

లోపాలు లేకపోలేదు. తెల్ల పంచెలకు నీలిమందు ఒక్కోసారి ఎక్కువవుతోంది, రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. శ్రావణంలో ముసురు పట్టిందంటే వారం రోజులు ఆగాలి, తొందర పెట్టినా తడి ఆరని బట్ట ఇవ్వరు. ఆ తేమలో ఇంటికి తెచ్చిన చీర కూడా త్వరగా మెత్తబడుతుంది కనుక, పెళ్లికి రెండు రోజుల ముందు తెచ్చుకోవడం మంచిది. చీరకు 80 రూపాయలు, పంచెకు 40 తీసుకుంటున్నారు. ఎక్కువ కాలం దాచే చీర అయితే గంజి వద్దని, పురుగు పడుతుందని, ఉతికి ఊరికే మడత పెట్టి ఇస్తానని ఆవిడే చెబుతారు. మొన్న అలా నాలుగు చీరలు గంజి లేకుండానే వెనక్కి ఇచ్చి, ఉతుకు కూలి మాత్రమే తీసుకున్నారు.