ఎడిటరా, ఐడీఈనా: పర్లాకిమిడిలో తొమ్మిదేళ్ల వాడకం

మాది పర్లాకిమిడి. ఒడిశాలోనే ఉన్నా మా ఇంట్లో, వీధిలో తెలుగే నడుస్తుంది. ఇక్కడ కూర్చునే తొమ్మిదేళ్లుగా వెబ్‌సైట్లు చేస్తున్నాను, ఎక్కువగా పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ భాషల్లో. కోడ్ రాసుకునే తేలికపాటి ప్రోగ్రాం ఎడిటర్; రాయడంతో పాటు తప్పులు వెతకడం, పేర్లు మార్చడం లాంటివన్నీ ఒకేచోట చేసిపెట్టే బరువైనది ఐడీఈ. మొదట సబ్లైమ్ టెక్స్ట్, కొన్నాళ్లు ఆటమ్ అనే ఎడిటర్లు వాడాను. ఆటమ్‌ను 2022 డిసెంబరులో మూసేశారు, నేను అంతకుముందే వీఎస్ కోడ్ అనే ఇంకో ఎడిటర్‌కి మారిపోయాను. 2020 నుంచి డబ్బు కట్టి పీహెచ్‌పీ స్టార్మ్ అనే ఐడీఈ కూడా వాడుతున్నాను. "ఏది వేసుకోమంటావు అన్నయ్యా?" అని అడిగే కుర్రాళ్లను నేను అడిగేది ఒకటే: నువ్వు పట్టుకునే కోడ్ ఎవరు రాసింది?

నీదే అయితే ఎడిటర్ చాలు. మా ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసే దుకాణం ఒకదానికి తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింట్లో సైటు చేశాను. ముప్ఫై ఫైళ్లు దాటవు, ఏది ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కంట్రోల్ పి నొక్కి రెండక్షరాలు కొడితే ఫైలు వచ్చి కూర్చుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు రోజుల తరబడి కరెంటు లేదు. తెలిసినవాళ్ల జనరేటర్ దగ్గర ల్యాప్‌టాప్ చార్జింగ్ పెట్టుకుని సబ్లైమ్‌లో పని చేశాను. 4 జీబీ ర్యామ్ మీద, అదీ బ్యాటరీతో, ఐడీఈ అయితే తెరిచే ధైర్యం కూడా చేసేవాణ్ని కాదు.

కోడ్ వేరేవాళ్లదైతే కథ వేరు. బరంపురంలో ఒక వ్యాపారి ఆర్డర్ల సైటు నా చేతికొచ్చింది. చేసినాయన మానేసి వెళ్లిపోయాడు. వందల ఫైళ్లు, ప్రతి వేరియబుల్‌కీ (విలువలు దాచుకునే డబ్బా లాంటిది) పేరు 'డేటా'. ఒక ఫైల్లో దాన్ని 'ఆర్డర్' అని మారుద్దామని ఫైండ్ అండ్ రీప్లేస్ (ఒక మాటను వెతికి ఇంకోటి పెట్టేది) కొట్టాను. తీరా చూస్తే 'డేటాబేస్' అన్న చోటల్లా 'ఆర్డర్‌బేస్' అయిపోయింది, సైటు తెల్ల కాగితంలా తెరుచుకుంది. పూర్తి పదం మాత్రమే వెతకమని టిక్ పెట్టలేదు, తప్పు నాదే. పెట్టినా కామెంట్లలో ఉన్న డేటా, వేరే ఫంక్షన్‌లో ఉన్న డేటా అన్నీ మారేవే.

ఆ రాత్రే పీహెచ్‌పీ స్టార్మ్ ముప్ఫై రోజుల ట్రయల్ దించుకున్నాను. షిఫ్ట్ ఎఫ్6 నొక్కితే ఆ ఒక్క వేరియబుల్ ఎక్కడెక్కడ వాడారో అక్కడే మారింది. అదే సైటులో ఇంకో చిక్కు: బిల్లులో కొరియర్ చార్జీ రెండుసార్లు పడుతోంది. పీహెచ్‌పీ కోడ్‌ను నడుస్తుండగానే పరీక్షించే ఎక్స్‌డీబగ్ అమర్చుకోవడానికి ఒక సాయంత్రం పోయింది, అమరాక బ్రేక్‌పాయింట్ (కోడ్ ఆగాల్సిన గుర్తు) పెట్టి ఒక్కో లైనూ దాటుతూ పోతే పది నిమిషాల్లో దొరికింది: కార్ట్‌లో ఒకసారి కలిపి, ఇన్‌వాయిస్‌లో మళ్లీ కలిపారు. అంతకుముందు రెండు రోజులు విలువలు తెర మీద చూపించే ఎకోలు పెట్టుకుంటూ తిరిగాను.

అయితే ఐడీఈ బరువు ఐడీఈకుంది. పొద్దున్నే ప్రాజెక్టు తెరిస్తే ఇండెక్సింగ్ అంటూ, అంటే ఫైళ్లన్నీ చదివి పట్టిక వేసుకుంటూ, ఫ్యాన్ మోగిస్తుంది, ఈలోపు టీ తాగి రావచ్చు. ఫొటోలు, లాగ్‌లు ఉన్న ఫోల్డర్లను ఎక్స్‌క్లూడ్ చేశాక చాలా నయం. 8 జీబీ కంటే తక్కువైతే మాత్రం వద్దనే అంటాను. చందా ఏటేటా కట్టాలి. ఏడాది పూర్తిగా కట్టి ఆపేస్తే ఒక పాత వెర్షన్ మనకే ఉండిపోతుంది. అదే కంపెనీ జావాస్క్రిప్ట్ ఐడీఈ వెబ్‌స్టార్మ్‌ను 2024 అక్టోబరు నుంచి సొంతంగా నేర్చుకునేవాళ్లకు ఉచితం చేశారు, కస్టమర్ దగ్గర డబ్బు తీసుకునే పనికైతే కొనాల్సిందే.

మరి వీఎస్ కోడ్? పేరుకి ఎడిటరే. 2016లో లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ (భాషను అర్థం చేసుకునే ప్రోగ్రాంతో ఏ ఎడిటరైనా మాట్లాడే పద్ధతి) వచ్చాక ఐడీఈల తెలివి చాలావరకు దీనికీ అబ్బింది. జావాస్క్రిప్ట్‌కి అన్నలాంటి టైప్‌స్క్రిప్ట్ పనైతే పైసా ఖర్చు లేకుండా ఎఫ్2తోనే పేరు మార్చుకోవచ్చు, దానికోసం ఐడీఈ కొనమని ఎవరికీ చెప్పను. పీహెచ్‌పీకి ఇంటెలిఫెన్స్ అనే ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కి తగిలించే అదనపు ముక్క) వేసుకున్నాను, బాగుంది కానీ పేరు మార్చే సౌకర్యం డబ్బు కట్టినవాళ్లకే. ఒక దశలో ఎక్స్‌టెన్షన్లు ఇరవై దాటాయి, ఇక ఐడీఈకీ దీనికీ బరువులో తేడా లేదు. సగం తీసేశాను.

కరెంటు సంగతి ఒకటి ఉంది. మొదట్లో డెస్క్‌టాప్ మీద ఫైలు సేవ్ చేస్తుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చాక తెరిస్తే కోడ్ లేదు, పొడుగునా 'నల్, నల్' అని నల్లటి గళ్లు. అప్పటికి గిట్ (కోడ్ పాత ప్రతులు దాచిపెట్టే సాధనం) అలవాటు లేదు, రెండు రోజుల పని గంగలో కలిసింది. పీహెచ్‌పీ స్టార్మ్‌లో లోకల్ హిస్టరీ అని గిట్‌తో పని లేకుండా పాత ప్రతులు దాచేది ఉంది. వీఎస్ కోడ్‌కి అలాంటిది 2022లో వచ్చింది. రెండూ నన్ను ఒడ్డున పడేసినవే.

మొన్ననే చందా మళ్లీ కట్టాను, బరంపురం సైటు ఇంకా నా మెడకే ఉంది కాబట్టి. కొమ్ము బొమ్మల దుకాణం వాళ్లు ఫోన్ చేసి "బాబూ, ఈ ధర మార్చాలి" అంటే మాత్రం వీఎస్ కోడే తెరుస్తాను. ఐడీఈ ఇండెక్సింగ్ అయ్యేలోపు ఆ పని అయిపోతుంది.