కీచురాళ్ల కిట్టు: పురుగులు మంచివి, పెట్టె దండగ

పెంపుడు బల్లులకి మేతగా కీచురాళ్ళని పెంచుకోమని "ఇంట్లోనే కీచురాళ్ల ఫారం" పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారే, ఆ కిట్టు కొనాలా వద్దా అని అడిగేవాళ్ళ కోసం రాస్తున్నా. కంపెనీ పేరు రాయను. నేను పెట్టిన 2,450 రూపాయల్లో పురుగుల కోసం పోయిన డబ్బుకే న్యాయం జరిగింది. మిగతా సామానంతా గాంధీ రోడ్డు వైపు ఒక సాయంత్రం తిరిగితే ఇంతకంటే మంచిది, మూడో వంతు ధరకి దొరుకుతుంది. ఐదుకి రెండు స్టార్లు. ఆ రెండూ కీచురాళ్లవే.

మాది తిరుపతిలో కొర్లగుంట. జాకెట్లు, చుడీదార్లు కుడతా. ఇంట్లో ఉన్న బియర్డెడ్ డ్రాగన్, అంటే ఒక రకం పెంపుడు బల్లి, నాది కాదు, మా తమ్ముడిది. వాడికి శ్రీపెరంబుదూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయినాడు, ఇది నా నెత్తిన పడింది. గంగమ్మ జాతర రోజుల్లో ఇంటికొచ్చింది కాబట్టి పేరు గంగడు. దీని జాతి ఆస్ట్రేలియాది. ఆ దేశం తన జంతువుల్ని బయటికి అమ్మడం 1960ల్లోనే ఆపేసింది, కాబట్టి ఇప్పుడు మన దగ్గర కనపడేవన్నీ ఎవరో పెంచగా పుట్టినవే. పిల్లప్పుడు వీటికి పురుగులే ఎక్కువ కావాలి, పెద్దయ్యేకొద్దీ ఆకులు పెరిగి పురుగులు తగ్గాలి. గంగడు ఇంకా పిల్లోడే. పూటకి పది పదిహేను నిమిషాల్లో ఎన్ని తినగలిగితే అన్ని వేయాలి, మళ్ళీ సాయంత్రం అదే పని.

ముందు మద్రాసు నుంచి బస్సు పార్సిల్లో తెప్పించేదాన్ని. ఎండాకాలంలో డబ్బా తెరిస్తే సగం చచ్చి ఉండేవి. ఆ వాసన మీకు తెలీకపోతే అదృష్టవంతులు. "దుడ్డిచ్చి పురుగులు తెప్పించుకునే కొంప ఈ వీధిలో ఇదొక్కటే" అని మా అవ్వ ఎదురింటావిడతో చెప్తాంటే విని, ఇంట్లోనే పెంచేద్దామని కిట్టు ఆర్డరు పెట్టినా.

వచ్చిన సామాను ఇది: మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె, కోడిగుడ్ల అట్టలు మూడు, గుడ్లు పెట్టడానికి చిన్న గిన్నె, ఒక కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) బిళ్ళ, నీళ్ళ జెల్ గుళికలు, మేత ప్యాకెట్టు, హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పట్టా), అతికించుకునే థర్మామీటరు, ఇంగ్లీషులో ఒక కాగితం. ఇంకో డబ్బాలో కీచురాళ్ళు.

ముందు మంచిదే చెప్తా. వాళ్ళు పంపింది చారల కీచురాయి, గ్రిల్లోడిస్ సిగిల్లాటస్ అనే జాతి. లేత గోధుమ రంగు ఒంటి మీద అడ్డంగా నల్ల చారలుంటాయి. చచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. ఈ జాతిని ఎంచుకోవడం తెలివైన పని. ఎందుకంటే మామూలు ఇంటి కీచురాయికి, అంటే అకీటా డొమెస్టికస్‌కి, డెన్సోవైరస్ అని ఒక జబ్బు వస్తుంది. ముందు యూరప్‌లో, ఆ తర్వాత 2009, 2010 ప్రాంతంలో అమెరికాలో అది తగిలి ఫారాలకి ఫారాలే ఊడ్చుకుపోయాయి. చారల జాతి ఆ వైరస్‌ని తట్టుకుంటుంది. ఇంకో సుఖం, ఇవి ఎగరవు. మగదాని రెక్కలు పొట్టివి, ఆడదానికి ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. గోల కూడా తక్కువే. నల్ల కీచురాయి మొదలుపెడితే పక్కింటోళ్ళు తలుపు కొడతారు. వీటి గొంతు నేను మిషను ఆపితేగానీ వినపడదు.

రాత్రి అందరూ పడుకున్నాక టార్చి వేసి చూడండి. ఆడది కోకోపీట్ గిన్నె ఎక్కి కాసేపు అటూ ఇటూ మీసాలు తిప్పుతుంది. తర్వాత నడుము వంచి, వెనకాల పొడుగ్గా ఉండే గొట్టాన్ని నిలువుగా దించుతుంది, మిషను సూది గుడ్డలో దిగినట్టు. కదలకుండా ఉంటుంది. తీస్తుంది. కొంచెం జరిగి మళ్ళీ దించుతుంది. నేను వాళ్ళ గిన్నె పక్కన పడేసి, పక్కల నుంచి కనపడేలా పాత జామ్ సీసా మూతికంటా నింపి పెట్టినా. గాజు వెంబడి లేత పసుపు గుడ్లు వరసగా కనపడ్డాయి, ఒక్కోటి రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు. 30 నుంచి 32 డిగ్రీల్లో ఉంచితే పది పదమూడు రోజుల్లో పిల్లలు లేస్తాయి. మరో ఐదు నుంచి ఏడు వారాల్లో అవే పెద్దవై గుడ్లు పెట్టే వయసుకొస్తాయి. మా తమ్ముడు శనివారం వచ్చి గంగడిని వదిలేసి ఈ సీసా ముందే కూర్చుంటాడు.

ఇక పెట్టె. మూత మీద అరచెయ్యి వెడల్పు కిటికీ ఒకటి కోసి దానికి నైలాన్ జాలి అతికించారు. కీచురాయి నైలాన్‌ని కొరికేస్తుంది. ఇది పురుగులు పెంచే ఎవరినడిగినా చెప్తారు, వీటిని అమ్ముకుని బతికే కంపెనీకి తెలీదంటే నేను నమ్మను. జాలి మూలన బఠాణీ పట్టేంత కన్నం చేసి బయటికొచ్చేసినాయి. కటింగ్ బల్ల మీద ఒక కస్టమరు ఇచ్చిన కంచిపట్టు జాకెట్టు గుడ్డ, దాని మీద తీరిగ్గా ఒక కీచురాయి. గుడ్డకేమీ కాలేదు. అయ్యుంటే ఈ రివ్యూకి ఆ రెండు స్టార్లు కూడా ఉండేవి కావు.

ఫోన్ చేసి చెప్తే అవతల ఉన్నాయన చాలా మర్యాదగా మాట్లాడినాడు. "కొత్త జాలి పంపిస్తాం మేడమ్" అన్నాడు, చెప్పినట్టే పంపినాడు. అదీ నైలానే.

కిటికీ చిన్నదవడం ఇంకో తిప్ప. మనకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమలో గాలాడని పెట్టెలో కోకోపీట్ మీద బూజు కట్టింది, పొడిలా కనపడే సన్న పురుగు పట్టింది, మూత తీస్తే ముక్కు మండేంత అమ్మోనియా వాసన. కీచురాళ్ళు కంపు కొడతాయని అందరూ అనేది దీన్నే. కిందంతా పొడిగా ఉండి, పైన గాలాడి, చచ్చినవి ఎప్పటికప్పుడు ఏరేస్తే దుకాణానికొచ్చే ఆడోళ్ళకి ఇంట్లో కీచురాళ్ళున్నట్టే తెలీదు. తడి ఒక్క గుడ్ల గిన్నెలోనే ఉండాలి. దాని పైన కూడా తీగ జాలి పరవాలి, లేకపోతే పెట్టిన గుడ్లని అవే తవ్వుకుని తింటాయి. కిట్టులో ఆ జాలీ లేదు, కాగితంలో ఆ మాటా లేదు.

తిరుపతికి హీట్ మ్యాట్ అమ్మినోడి ధైర్యాన్ని మాత్రం మెచ్చుకోవాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో గుడ్లు త్వరగా పొదగడానికి కాస్త పనికొస్తుంది, ఒప్పుకుంటా. కానీ దానికి వేడిని ఆపే థర్మోస్టాట్ లేదు. మే నెలలో 40 దాటే ఊళ్ళో మనకుండే బాధ వేడి చాలకపోవడం కాదు. 35 దాటితే వాటికి కష్టం మొదలవుతుంది. పడమటి గోడ వైపు పెట్టకండి, మిద్దె మీద రేకుల గది అసలు వద్దు. ఆ పెట్టె బదులు నేను తయారుచేసుకున్న టబ్బు మెట్ల కింద ఉంటుంది, మా ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోటు అదే.

నీళ్ళ జెల్ బాగుంది. గిన్నెలో నీళ్ళు పెడితే పిల్ల కీచురాళ్ళు అందులో పడి చస్తాయి, జెల్‌తో ఆ బాధ లేదు. అయిపోయాక నేను క్యారెట్టు ముక్కలతోనే నెట్టుకొస్తున్నా.

మేత ప్యాకెట్టు మీద అందులో ఏముందో రాయలేదు. వాసన చూస్తే తవుడు. మాంసకృత్తులు చాలకపోతే ఇవి ఒకదాన్నొకటి తింటాయి, అందులోనూ పొర విడిచి తెల్లగా, మెత్తగా ఉన్న దాని మీద పడతాయి. నేను కోడిపిల్లల దాణా దంచి పెడుతున్నా. చిత్తూరు వైపు కోళ్ళ ఫారాలకేం తక్కువ, దాణా అంగళ్ళలో అరకిలో కూడా ఇస్తారు. దాంతో పాటు మునగాకు, గుమ్మడి ముక్క. ఏ ఆకైనా బాగా కడగాలి, మందు కొట్టిన ఆకు ఒక్కటి పడినా టబ్బు మొత్తం పోతుంది. గంగడికి వేయడానికి ముందు ఒకటి రెండు రోజులు వీటికి కడుపునిండా మంచి మేత పెడితే ఆ బలం గంగడికి పోతుంది.

నాకు బాగా కోపం వచ్చింది అట్టపెట్టె మీద "సంపూర్ణ ఆహారం" అని అచ్చు వేసినందుకు. కాదు. కీచురాయిలో భాస్వరం కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. బల్లికి కావలసింది దానికి తలకిందులు, భాస్వరం ఒక వంతైతే కాల్షియం రెండు వంతులు. వట్టి కీచురాళ్ళు తిని, ఎండలో ఉండే లాంటి కిరణాలిచ్చే యూవీబీ లైటు కూడా లేని పిల్ల బల్లికి ఎముకలు మెత్తబడతాయి, దవడ వంకర పోతుంది, కాళ్ళు వణుకుతాయి. కాబట్టి కాల్షియం పొడి విడిగా కొని, పురుగుల్ని ఒక డబ్బాలో వేసి పొడితో కుదిపి అప్పుడు పెట్టాలి. కిట్టులో పొడి ఇవ్వకపోయినా పర్వాలేదు, కొనుక్కోమని ఒక్క ముక్క రాయొచ్చు కదా! బల్లి రెండు కళ్ళ మధ్య ఎంత ఎడముందో అంతకంటే పెద్ద పురుగు వేయకూడదని, తినగా మిగిలినవి రాత్రి గూట్లో వదిలితే అవే బల్లిని కొరుకుతాయని కూడా అందులో లేదు.

మన ఇళ్ళకి సంబంధించినవి ఆ కాగితం రాసినోళ్ళకి తట్టనే లేదు. మొదటిది చీమలు. టబ్బుని చిన్న స్టూలు మీద పెట్టి, స్టూలు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టినా. మా అవ్వ కాలంలో తినుబండారాల అలమరాకి చేసిన పనే. చీమల చాక్‌పీసు గీయొద్దు, అది ఉండేదే పురుగుల్ని చంపడానికి. దోమల కాయిల్, గోడకి పెట్టే దోమల మందు కూడా ఆ గదిలో వద్దు, అందులో ఉండేవీ పురుగు మందులే. వీధిలోకి ఫాగింగ్ బండి వస్తే నేను ముందు మెట్ల వైపు కిటికీ మూసి, ఆ తర్వాతే ఆరేసిన బట్టలు తీస్తా.

ఇన్ని తిట్టి మరి నువ్వేం చేసినావంటే, ఇదీ లెక్క. నున్నటి గోడలున్న పెద్ద ప్లాస్టిక్ టబ్బు 380. స్టీలు జాలి 120. వేడి చేసిన చాకుతో మూతలో సగం పైగా కోసేసి, జాలిని గ్లూ గన్‌తో అతికించినా, గన్ను నా దగ్గర ఉన్నదే, జిగురు కడ్డీలు 40. లోపలి అంచు చుట్టూ వెడల్పు పార్సిల్ టేపు, దాని మీద వీటి కాళ్ళు నిలవవు. గుడ్ల అట్టలు గుడ్ల అంగడాయన ఊరికే ఇచ్చినాడు. వాటిని పడుకోబెట్టకుండా నిలబెట్టాలి, అప్పుడు రెట్ట కిందికి రాలిపోతుంది, పొర విడవడానికి పట్టు దొరుకుతుంది. కోకోపీట్ నర్సరీలో 60. పిల్లలు లేచాక వాటికి వేరే చిన్న డబ్బా కావాలి, పెద్దవాటితో ఉంచితే మిగలవు. అన్నీ కలిపినా ఏడెనిమిది వందలు.

"ఇంత అవస్థ ఎందుకు, వీధి దీపం కింద పట్టుకోవచ్చు కదా" అనేవాళ్ళున్నారు. బయటి పురుగులో మందు ఉండొచ్చు, కడుపులో నులిపురుగులు ఉండొచ్చు. చీకట్లో మిణుగురు కలిసిపోయిందంటే మరీ ప్రమాదం, కొన్ని మిణుగురుల్లో ఉండే విషానికి ఒక్కటి మింగినా బియర్డెడ్ డ్రాగన్ చచ్చిపోతుంది.

ఇది చదివి శేషాచలం నుంచి ఏదో ఒకటి పట్టుకొచ్చి పెంచుదామనుకునే పిల్లోళ్ళకి ఒక మాట. బంగారు బల్లి, ఉడుము, నక్షత్ర తాబేలు, ఇవేవీ ఇంట్లో పెట్టుకునేవి కావు. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పడుతుంది. విదేశీ జంతువైనా సైటిస్ (వన్యజీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) జాబితాలో ఉంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కొనేముందే అమ్మేవాళ్ళ దగ్గర కాగితాలు అడగండి.

కిట్టు అమ్మే కంపెనీయే కీచురాళ్ళని విడిగా కూడా అమ్ముతుంది. వెబ్‌సైట్‌లో అడుగున ఎక్కడో "స్టార్టర్ కల్చర్" అని ఉంటుంది, వెతకండి. చారల జాతే పంపమని, సగం ఎదిగినవి కొన్ని, పెద్దవి కొన్ని కలపమని ఆర్డరులో రాయండి. సోమవారమో మంగళవారమో బయల్దేరేట్టు చూసుకోండి, ఆదివారం గోడౌనులో పడుంటే మీకే నష్టం. ఏప్రిల్, మే నెలల్లో అసలు తెప్పించొద్దు. డబ్బా వచ్చాక బల్ల మీద కాదు, టబ్బులో పెట్టి మూత తీయండి.