పోలండ్ ఎక్స్‌ప్రెస్ రైళ్లకు ఏ ఇంజను మేలు: ఈపీ05, ఈపీ08, ఈపీ09, ఈయూ44

1970లలో పోలండ్ రైల్వే సంస్థ పీకేపీకి పట్టాలు ముందే సిద్ధమయ్యాయి కానీ వాటికి తగిన ఇంజను దొరకలేదు. దక్షిణ పోలండ్‌లోని సైలీషియా బొగ్గును ఉత్తరాదికి తరలించాలన్న ఉద్దేశంతో 1971లో మొదలుపెట్టి 1977 నాటికి పూర్తిచేసిన కేంద్ర ప్రధాన మార్గం, వార్సాకు దగ్గరలోని గ్రోజిస్క్ మజోవియెత్స్కి నుంచి దక్షిణాన జావియెర్చె దాకా సుమారు 224 కిలోమీటర్ల పొడవున, పెద్ద ఊళ్లను తాకకుండా, ఇరుకైన వంపులు లేకుండా సాగుతుంది. గంటకు 160 కిలోమీటర్లే కాదు, అంతకు మించిన వేగాన్ని కూడా తట్టుకునే మార్గం అది. ఆ వేగంతో రోజూ ఎక్స్‌ప్రెస్ బండిని లాగగల ఇంజను మాత్రం దేశంలో తయారు కావడం లేదు. ఆ లోటు తీర్చడానికి పోలండ్ వేర్వేరు కాలాల్లో నాలుగు దారులు పట్టింది: పాత దిగుమతి ఇంజన్లను మార్చడం (ఈపీ05), లైసెన్సు మీద చేస్తున్న ఇంజనుకు వేగం పెంచడం (ఈపీ08), కొత్తదాన్ని స్వయంగా రూపొందించడం (ఈపీ09), చివరికి బయటి నుంచి కొనడం (ఈయూ44). వీటిలో మూడోదే మేలని నా అభిప్రాయం. అయితే ఇంజనును ఒంటరిగా నిలబెట్టి తూచితే ఈ తీర్పు నిలవదు. అది ఏ విద్యుత్ తీగ కింద, ఎటువంటి బండిని, ఏ కాలంలో లాగిందన్నది కూడా చూడాలి.

పేర్లలోని అక్షరాల సంగతి ముందే చెప్పుకుంటే తరువాత తికమక ఉండదు. మొదటి అక్షరం ‘ఈ’ విద్యుత్తుకు గుర్తు; రెండోది ‘పీ’ అయితే ప్రయాణికుల బండ్లకు, ‘యూ’ అయితే ప్రయాణికులకూ సరుకులకూ, ‘టీ’ అయితే సరుకులకు. ఇక్కడ చెప్పుకునే నాలుగు రకాలకూ నాలుగేసి ఇరుసులు, ప్రతి ఇరుసుకూ ఒక మోటారు.

ఈపీ05 నిజానికి పుట్టుకతో ఎక్స్‌ప్రెస్ ఇంజను కాదు. చెకోస్లొవాకియాలోని స్కోడా కర్మాగారం నుంచి 1961లో ఈయూ05 పేరుతో 30 ఇంజన్లు వచ్చాయి. వాటి శక్తి 2,032 కిలోవాట్లు, గరిష్ఠ వేగం గంటకు 125 కిలోమీటర్లు. వాటిలో 27 ఇంజన్లకు 1973 – 1977 మధ్య గేరు నిష్పత్తి మార్చి, వేగాన్ని 160కి పెంచి, ఈపీ05 అని పేరు మార్చారు. ఇలా చేసినప్పుడు శక్తి పెరగదన్నది గుర్తుంచుకోవాలి. అంతే శక్తిని ఎక్కువ వేగం మీద ఖర్చుపెడితే లాగుడు బలం తగ్గుతుంది. 2,032 కిలోవాట్లను 160 కిలోమీటర్ల వేగానికి లెక్కగడితే చక్రాల దగ్గర మిగిలే బలం సుమారు 46 కిలోన్యూటన్లు. అదే ఇంజను పాత 125 వేగంలో 58 దాకా ఇవ్వగలిగేది. అంటే ఈపీ05 వేగంగా పోగలదు కానీ బరువైన బండిని ఆ వేగం దాకా తీసుకుపోవడానికి చాలా దూరం పడుతుంది, ఎదురుగాలికో చిన్న ఎత్తుకో వేగం కోల్పోతుంది. అయినా పదేళ్లకు పైగా పోలండ్‌లో 160 వేగం అంటే ఈ మార్చిన ఇంజన్లే. తాత్కాలిక ఏర్పాటుగా దీన్ని చిన్నచూపు చూడటం నాకు న్యాయంగా తోచదు.

ఈపీ08 కథ దీనికి తలకిందులు. కాగితం మీద ఇది మెరుగైన ఆలోచన. బ్రిటన్‌లో తయారై 1962లో పోలండ్‌కు వచ్చిన 20 ఈయూ06 ఇంజన్లతో పాటు లైసెన్సు కూడా చేతికి వచ్చింది. ఆ లైసెన్సు మీదే వ్రోత్స్వాఫ్‌లోని పఫావాగ్ కర్మాగారం 1965 నుంచి ఈయూ07ను తయారుచేసింది. 2,000 కిలోవాట్ల శక్తి, 125 వేగం గల ఈయూ07 పోలండ్‌లో ఎటు చూసినా కనిపించే నమ్మకమైన ఇంజను. దాని నుంచే వేగవంతమైన రకాన్ని తీయాలని 1972 – 1976 మధ్య 15 ఈపీ08 ఇంజన్లను కట్టారు. లక్ష్యం 160, ఆచరణలో మాత్రం వేగం 140 దగ్గరే నిలిచిపోయింది. శక్తి సుమారు 2,080 కిలోవాట్లు, అంటే తల్లి ఇంజను కన్నా పెద్ద తేడా ఏమీ లేదు. కొత్తగా కట్టిన ఇంజను, పాతదాన్ని మార్చిన స్కోడా కన్నా నెమ్మదిగా నడవాల్సి వచ్చిందన్నమాట. 125కే పరిమితమైన మార్గాల్లో ఈయూ07 ఉండగా దీని అవసరం అంతగా లేదు, 160 మార్గంలో దీని వేగం చాలదు. ఈపీ05, ఈపీ08లలో ఏది మేలంటే టైంటేబులు వైపు నుంచి చూసి ఈపీ05 అనే చెబుతాను. ఈయూ07 వంశంలో అసలైన తెలివైన మార్పు 1995 తరువాత వచ్చింది: కొన్ని ఈయూ07లకు గేరు మార్చి ఈపీ07గా చేశారు. వేగం 125 దగ్గరే ఉంచి, ఆ వేగంలో మోటారు తిరిగే చుట్లను తగ్గించారు. ప్రయాణికుల బండ్లకే కేటాయించిన ఇంజనుకు సరుకు బండిని లాగే బలంతో పని లేదు కనుక ఇందులో పోయింది తక్కువ, మోటార్లకు కలిగిన మేలు ఎక్కువ.

ఇక ఈపీ09. పఫావాగ్ దీనికి 104ఈ అని నమూనా సంఖ్య పెట్టింది. తొలి ఇంజను 1986లో బయటికి వచ్చింది, వరుస ఉత్పత్తి 1988లో మొదలైంది. ఒక్కొక్కటి 730 కిలోవాట్ల నాలుగు మోటార్లు, మొత్తం 2,920 కిలోవాట్లు, బరువు సుమారు 83.5 టన్నులు, వేగం 160. పైన చేసిన లెక్కే దీనికీ వేస్తే 160 దగ్గర సుమారు 66 కిలోన్యూటన్లు వస్తుంది, అంటే ఈపీ05 కన్నా దాదాపు నలభై నాలుగు శాతం ఎక్కువ. 160 అన్నది కేవలం ముట్టుకుని వచ్చే వేగంగా కాక, బండిని నిలకడగా నడిపే వేగంగా మారింది ఈ ఇంజనుతోనే. వార్సా నుంచి క్రాకోకూ కటొవిత్సెకూ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌ల ముందు ఇది ఏళ్ల తరబడి నిలిచింది. అభిమానులు దీన్ని ‘ఎపోకా’ అని పిలుస్తారు.

దీని మీద వేసే మొదటి నింద పాత సాంకేతికత. బయలుదేరేటప్పుడు నాలుగు మోటార్లను వరుసగా కలిపి, కరెంటును అడ్డుకుని తగ్గించే రెసిస్టర్ల గుండా కరెంటు పంపి, వేగం పెరిగే కొద్దీ ఒక్కో మెట్టు రెసిస్టర్లను తప్పిస్తూ పోయే పద్ధతి ఇది. ఆ దశలో కరెంటులో కొంత భాగం వేడిగా మారి పోతుంది. 1980ల చివర పశ్చిమ ఐరోపాలో పవర్ ఎలక్ట్రానిక్స్‌తో నడిచే ఇంజన్లు వస్తుండగా ఇది వెనకబాటే. అయితే ఈ నష్టం ప్రతి బయలుదేరింపుకూ ఒకసారి జరిగేది. నాలుగైదు నిమిషాలకోసారి ఆగే లోకల్ బండికి అది భారమే కానీ, కేంద్ర ప్రధాన మార్గంలో రెండువందల కిలోమీటర్లకు పైగా ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్‌కు ఆ వృథా మొత్తం ఖర్చులో చిన్న భాగం. పైగా అప్పటి డిపోల్లో ఉన్న పనివాళ్లకు తెలిసిన పరికరాలు అవే. ఎక్స్‌ప్రెస్ పనికి రెసిస్టర్ల పద్ధతి అంత పెద్ద తప్పు కాదు.

అసలైన తప్పు ఆలస్యం. మార్గం పూర్తయిన 1977కూ వరుస ఉత్పత్తి మొదలైన 1988కీ మధ్య పదకొండేళ్ల ఎడం ఉంది. ఆ వెంటనే 1989లో దేశ రాజకీయ వ్యవస్థే మారిపోయింది, రైల్వే దగ్గర డబ్బు కరువైంది, ఇంజన్లు కొద్దికొద్దిగా మాత్రమే వచ్చాయి. 1997లో ఉత్పత్తి ఆగేసరికి మొత్తం 47. అదే సంవత్సరం పఫావాగ్ బహుళజాతి రైలు తయారీ సంస్థ ఆడ్‌ట్రాన్జ్ చేతికి వెళ్లింది. ఇదే ఇంజను 1978లో వచ్చి ఉంటే దాని సాంకేతికతను ఎవరూ పాతదనేవారు కాదు, ఈపీ08 గురించి ఇంత మాట్లాడుకోవాల్సిన పనీ ఉండేది కాదు.

ఈయూ44 ముందు ఇవన్నీ చిన్నబోతాయి. సీమెన్స్ యూరోస్ప్రింటర్ కుటుంబానికి చెందిన ఈ ఇంజన్లు పదింటిని, దూరప్రయాణ రైళ్లు నడిపే పీకేపీ ఇంటర్‌సిటీ సంస్థ 2008లో ఆర్డరు చేసింది. ‘హుసాష్’ అని పేరు పెట్టింది. ఇవి ఒకటి కన్నా ఎక్కువ విద్యుత్ వ్యవస్థల కింద నడుస్తాయి: పోలండ్‌లోని 3,000 వోల్టుల డీసీ, జర్మనీ, ఆస్ట్రియాల్లోని 15,000 వోల్టుల ఏసీ, తెలుగు ప్రాంతాల్లో మనకు తెలిసిన 25,000 వోల్టుల ఏసీ. ఏసీ కింద శక్తి 6,400 కిలోవాట్లు, 3,000 వోల్టుల డీసీ కింద 6,000. నమూనా వేగం 230. ఇదే రకం ఇంజను 2006లో జర్మనీలో 357 కిలోమీటర్ల వేగంతో ఎలక్ట్రిక్ ఇంజన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పింది. యంత్రంగా చూస్తే పోటీయే లేదు.

పనిగా చూస్తే లెక్క మారుతుంది. 2008లో పోలండ్‌లో ప్రయాణికుల రైలు ఏదీ 160 దాటి నడవడం లేదు; కేంద్ర ప్రధాన మార్గంలో 200 వేగం 2014 డిసెంబరులో, అదీ అల్‌స్టోమ్ సంస్థ చేసిన పెండొలినో అనే వేగవంతమైన బండ్లతో మొదలైంది. కాబట్టి ఆ ఇంజన్ల వేగంలో మిగులు భాగం చాలా కాలం వాడుకలేకుండానే ఉంది. శక్తి సంగతీ అంతే. 3,000 వోల్టుల తీగ నుంచి 6,000 కిలోవాట్లు తీసుకోవాలంటే సుమారు 2,000 ఆంపియర్లు కావాలి. 25,000 వోల్టుల కింద అదే పనికి 240 చాలు. తక్కువ వోల్టేజి తీగ కింద పెద్ద ఇంజను పెట్టడమంటే సన్నటి గొట్టానికి పెద్ద మోటారు బిగించడమే. సబ్‌స్టేషన్లు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. బ్రేకు వేసినప్పుడు కరెంటును తీగకు తిరిగి ఇవ్వగలగడం ఈయూ44కున్న మరో గుణం, కానీ డీసీ మార్గంలో ఆ కరెంటును వాడుకోవడానికి దగ్గరలో మరో బండి ఉంటేనే దానికి పూర్తి ఫలం.

ఒక్కచోట మాత్రం ఈయూ44కు ఎదురులేదు. వార్సా–బెర్లిన్ వంటి బండి సరిహద్దు దాటేటప్పుడు తీగలోని విద్యుత్తే మారిపోతుంది. ఈపీ09 అక్కడ విడిపోయి వేరే ఇంజనుకు దారి ఇవ్వాల్సిందే. ఈయూ44 ఆగి మారే పని లేకుండా బెర్లిన్ దాకా పోతుంది. ఆ పనికి పది ఇంజన్లు సరిపోయాయి, దేశంలోపలి ఎక్స్‌ప్రెస్‌లన్నింటికీ అదే రకాన్ని కొని ఉంటే అనవసరమైన ఖర్చయ్యేది.

పెండొలినోలు వచ్చాక పేరున్న రైళ్లను ఈపీ09 వాటికి వదులుకుని, మామూలు ఇంటర్‌సిటీ, చవకైన దూరప్రయాణ టీఎల్‌కే బండ్ల ముందుకు మారింది. ఆ తరువాత 2018లో పీకేపీ ఇంటర్‌సిటీ నేవాగ్ సంస్థతో గ్రిఫిన్ ఇంజన్లకు, అంటే ఈయూ160 రకానికి, ఒప్పందం చేసుకున్నప్పుడు అడిగింది ఈపీ09కు ఉన్నవే: నాలుగు ఇరుసులు, 3,000 వోల్టుల డీసీ ఒక్కటే, 160 వేగం. మోటార్లూ ఎలక్ట్రానిక్సూ మాత్రం ఈ కాలానివి, శక్తి 5,600 కిలోవాట్లు. ఒకటికి మించిన విద్యుత్ వ్యవస్థలు, 200 వేగం గల ఈయూ200 కోసం ఆర్డరు పెట్టింది దాని తరువాతే.