చిన్న .32 రివాల్వర్‌లో ఏ తూటా? వైజాగ్ ఉప్పుగాలిలో చాలాకాలం వాడాక నా మాట

కురుపాం మార్కెట్‌లో బంగారం వ్యాపారం మాది. రాత్రి షట్టర్ దించాక సరుకు పట్టుకుని పెదవాల్తేరు దాకా రావాలి కాబట్టి లైసెన్సు తీసుకున్నాను. అప్పటి నుంచీ కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వరే నడుముకి ఉంటోంది. తుపాకీ ఏది కొన్నావని అందరూ అడుగుతారు గానీ అందులో ఏం వేస్తావని అడిగేవాళ్ళు తక్కువ, నాకైతే రెండోదే అసలు ప్రశ్న.

ముందు బోర్ సంగతి, అంటే తుపాకీ గొట్టం లోపలి లావు. ఇంటర్నెట్‌లో చదివి .38 కావాలి, 9 ఎం.ఎం. కావాలి అనే కుర్రాళ్ళు ఆ ఆశ వదులుకోవడం మంచిది, అవి మన దేశంలో నిషేధిత బోర్లు, మామూలు లైసెన్సు మీద రావు. చొక్కా కింద ఇమిడే రివాల్వర్ అంటే మనకి .32, కాదంటే .22. నిదర్ అనే .22 రివాల్వర్ 250 గ్రాములే, పేల్చినప్పుడు చెయ్యి కదలదు. అయినా నేను .22 వైపు వెళ్ళలేదు. దాని తూటాలో నిప్పు పుట్టించే మందు అడుగున అంచు చుట్టూ లోపల పరుచుకుని ఉంటుంది, హ్యామర్ కొట్టిన చోట ఆ మందు పలచగా ఉంటే తుస్సే. .32కి ఆ మందున్న చిన్న మూత, ప్రైమర్ అంటారు, వేరుగా అడుగు మధ్యలో బిగించి ఉంటుంది. షూటింగ్ రేంజ్‌లో రెండూ పక్కపక్కన పేలుస్తుంటే .22 వాళ్ళే ఎక్కువసార్లు ఆగిపోవడం చూశాను. ప్రాణం మీదికొచ్చినప్పుడు పనికి రావాల్సిన వస్తువుకి అంతకంటే కారణం అక్కర్లేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. షాపులో ఊరికే ‘థర్టీటూ’ అంటే సరిపోదు. మన రివాల్వర్‌ది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, 1896 నాటి డిజైను. పిస్టల్‌కి వాడే .32 ఏసీపీ వేరే తూటా, దాన్నే 7.65 ఎం.ఎం. అంటారు. చిక్కేంటంటే రెండిటి గుండూ దాదాపు ఒకే లావు, కొన్ని రివాల్వర్ల ఛాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి, ఏసీపీ దూరిపోతుంది కూడా. దూరింది కదా అని పేల్చకూడదు. పేలినప్పుడు లోపల పుట్టే గరిష్ఠ ఒత్తిడి లాంగ్‌కి చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు, ఏసీపీకి 20,500. మన కాన్పూర్ రివాల్వర్ పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల పద్ధతిలో మధ్యకి విరిచి తెరిచేది, ఆ పైన బిగించే కొక్కెం మీద అంత భారం వెయ్యడం ఏ రకంగానూ మంచిది కాదు. పెట్టె తెరిచి చూడండి, రివాల్వర్ తూటా అయితే పొడుగ్గా ఉంటుంది, అడుగు అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది.

లాంగ్‌లో మనకి మామూలుగా దొరికేది పుణె దగ్గర ఖడ్కీలోని తూటాల ఫ్యాక్టరీ సరుకు. సుమారు 98 గ్రెయిన్ల, అంటే ఆరు గ్రాముల పైచిలుకు బరువున్న గుండ్రటి మూతి సీసపు గుండు, వేగం సెకనుకి 700 అడుగుల పైచిలుకు. బలం తక్కువే, ఒప్పుకుంటాను. కానీ డబుల్ యాక్షన్‌లో (ట్రిగ్గర్ ఒక్క నొక్కుతోనే హ్యామర్ లేచి కొట్టే పద్ధతి) ట్రిగ్గర్ బరువు, పొట్టి బ్యారెల్, దగ్గర దగ్గరగా ఉండే సైట్లు, వీటితో గురి తప్పకుండా ఆరు రౌండ్లూ వెయ్యగలగాలంటే చేతిని తన్నని తూటానే కావాలి. ఈ .32 తన్నదు. మా తమ్ముడు మొదటిసారి పట్టుకున్నప్పుడే పది గజాల్లో అన్నీ బొమ్మ మీద పడ్డాయి. నేను దీన్నే ఎంచుకోవడానికి అదొక్కటి చాలు.

పోటీలకి వెళ్ళేవాళ్ళు వాడే వాడ్‌కట్టర్ కూడా చూశాను. మూతి చదునుగా కోసేసినట్టుంటుంది, కాగితం మీద పంచ్ మెషిన్‌తో కొట్టినంత శుభ్రంగా చిల్లు పడుతుంది. ప్రాక్టీసుకి బంగారం లాంటిది. నడుముకి మాత్రం వద్దనే అంటాను, ఆ చదును మూతి ఛాంబర్ అంచుకి తగులుతుంది, కంగారులో మళ్ళీ నింపాలంటే గుండ్రటి మూతే జారినట్టు లోపలికి వెళ్తుంది.

ఇక మన ఊరి గాలి. ఇక్కడ తూటాని పాడుచేసేది వయసు కాదు, ఉప్పూ చెమటా. మే నెల ఉక్కలో పల్చటి కాటన్ చొక్కా కింద తోలు హోల్‌స్టర్ పెట్టుకుని తిరిగితే సాయంత్రానికి తోలు తడిసి ముద్దవుతుంది. తోలు పౌచ్‌లో ఉంచిన విడి తూటాలు అయితే ఇంకా ఘోరం, తోలు ఊనడానికి వాడిన మందులూ ఇత్తడీ కలిసి పచ్చగా చిలుము పడుతుంది. అలా పట్టిన తూటా ఛాంబర్‌లో సగంలో ఆగిపోతుంది, బలంగా తోస్తే ఖాళీ అయ్యాక బయటికి రాదు. అందుకే విడి తూటాలు ఎప్పుడూ మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, లోపల సిలికా జెల్ పొట్లంతో. ఇంటికి రాగానే రివాల్వర్ ఖాళీ చేసి తుడుస్తాను, నూనె పల్చగా బయటి భాగాలకే, ఛాంబర్లు పొడిగుడ్డతో తుడిచాకే మళ్ళీ నింపుతాను. నూనె ప్రైమర్‌లోకి ఇంకితే కొత్త తూటా కూడా పేలదు, ఇది చాలామంది పట్టించుకోరు.

ఒక డీలర్ దగ్గర ఒకసారి పాత పెట్టె అంటగట్టారు. అందులో ఒక రౌండ్ ‘టప్’ అని నీరసంగా మోగింది, చేతికి ఏమీ తెలియలేదు. అలాంటప్పుడు వెంటనే ఆపాలి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, వెనకే ఇంకోటి పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. అసలు శబ్దమే రాకపోతే బ్యారెల్ మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగి అప్పుడు తెరవండి. ఆ తర్వాత నుంచి పెట్టె మీద తయారీ సంవత్సరం, లాట్ నంబరు చూడకుండా డబ్బు ఇవ్వను, పెట్టెలో కొన్ని రేంజ్‌లో పేల్చి చూశాకే మిగతావి నడుముకి.

ఖాళీలు తీసేటప్పుడు ఒక మాట. బ్యారెల్ మూతి పైకి పెట్టి ఒక్క విసురుతో విరవాలి. మెల్లగా తెరిస్తే ఒక ఖాళీ కేసు అంచు ఖాళీలని బయటికి నెట్టే ఎక్స్‌ట్రాక్టర్ కిందికి జారి కూర్చుంటుంది, దాన్ని గోటితో లాగుతూ నిలబడాల్సి వస్తుంది.

కొనాలా అంటే, .32 లాంగ్, కొత్త లాట్, గుండ్రటి సీసపు మూతి. నడుముకి ఉన్నవాటిని నేను వానలు తగ్గాక ఒకసారి, వేసవి అయ్యాక ఒకసారి రేంజ్‌లో పేల్చేసి, తాజావి పెట్టుకుంటాను. తూటాల కోటా లెక్క లైసెన్సులో రాసినంతే కాబట్టి ప్రాక్టీసుకీ మార్చడానికీ కలిపి ముందే చూసుకోండి. ఎన్నికలప్పుడు రివాల్వర్ డిపాజిట్ చేసి తెచ్చుకున్నాక కూడా ప్రతి తూటాని వెలుతురులో తిప్పి చూసి, ప్రతి ఛాంబర్‌లో ఒకసారి దానంతట అది జారుతుందో లేదో చూసుకున్నాకే నింపండి.